ఒక ఫైలు, ఒక సూత్రం, పదేళ్ళ సర్వీసు

భిలాయ్ కాంట్రాక్టు కార్మికుని పెన్షన్‌ను నిర్ణయిస్తున్న కంప్యూటర్ లెక్కలు

భిలాయ్ పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేవి రైలు పట్టాలు. 260 మీటర్ల పొడవున అతికించిన పట్టాలను భారతీయ రైల్వేలకు పంపే ఉక్కు నగరమది. అదే ఊరిలో ప్రతి నెలా 15వ తేదీలోగా తయారు కావలసిన మరొక వస్తువు వుంది. దానికి బరువు లేదు, కొలిమి అక్కర లేదు. కాంట్రాక్టరు కార్యాలయంలో ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు, ఒక హాజరు పట్టీ వుంటే చాలు. కార్మికుల భవిష్యనిధి, పెన్షన్ వివరాలను ఉద్యోగుల భవిష్యనిధి సంస్థకు చేరవేసే అక్షరాల ఫైలు అది. భవిష్యనిధి పరిభాషలో దానిని ఇ.సి.ఆర్. అంటారు. నెలసరి రిటర్ను, చలాను కలిసి వున్న ఎలక్ట్రానిక్ పత్రమన్నమాట.

కర్మాగారంలో తయారైన పట్టాను పరీక్షించడానికి యంత్రాలున్నాయి, ప్రమాణాలున్నాయి, తనిఖీదారులున్నారు. ఈ ఫైలు తయారైన తీరును పరీక్షించేవారు ఎవరు? హాజరు పట్టీలోని రోజులు, జీతాల పట్టీలోని రూపాయలు ఏ సూత్రం ప్రకారం ఫైలులోని అంకెలుగా మారుతున్నాయి? ఆ సూత్రాన్ని రాసినదెవరు, మార్చగలిగినదెవరు, చూడగలిగినదెవరు? పైకి ఇవి సాంకేతిక నిపుణులు చర్చించుకోవలసిన విషయాలుగా కనిపిస్తాయి. కాని 58 ఏళ్ళు నిండిన కార్మికునికి నెలనెలా పెన్షన్ వస్తుందా, వస్తే ఎంత వస్తుందన్నది వీటికి వచ్చే జవాబుపైనే ఆధారపడి వుంది.

ఒకే ఆవరణ, రెండు లెక్కలు

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 1973లో ఏర్పడిన స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా, అంటే సెయిల్, గొడుగు కిందికి ఈ కర్మాగారం చేరింది. 2000 నవంబరు 1న మధ్యప్రదేశ్‌నుంచి విడివడి ఛత్తీస్‌గఢ్ ఏర్పడడంతో కొత్త రాష్ట్రానికి ఇదే అతి పెద్ద పారిశ్రామిక చిరునామా అయింది.

ఈ నగరంతో తెలుగువారి అనుబంధం పాతదే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలనుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ వైపు సాగే రైలు మార్గం ఎన్నో కుటుంబాలను అక్కడికి చేర్చింది. 2024 సెప్టెంబరు 16న దుర్గ్, విశాఖపట్నంల మధ్య వందే భారత్ రైలు మొదలైంది. కానీ ఆ దారిలో పెట్టె, పరుపు చుట్టతో పాసింజరు బండ్లలో వెళ్ళిన తరం వేరు. వారిలో కొందరు శాశ్వత ఉద్యోగులై సెక్టార్లలోని క్వార్టర్లలో స్థిరపడ్డారు. మరి కొందరు కాంట్రాక్టు పనులలోనే ఉండిపోయారు.

ప్రభుత్వరంగ ఉక్కు పరిశ్రమలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య తగ్గుతూ, కాంట్రాక్టు కార్మికుల వాటా పెరుగుతూ రావడం గత మూడు దశాబ్దాల ధోరణి. ఈ మార్పువల్ల లెక్కలు రాసే చేయి కూడా మారిందన్న సంగతిని చాలామంది గమనించలేదు. శాశ్వత ఉద్యోగి జీతం, సర్వీసు లెక్కలను సంస్థకు చెందిన పెద్ద కంప్యూటర్ వ్యవస్థ చూస్తుంది. అందులో ఒక సూత్రం మారాలంటే సంబంధిత విభాగం అడగాలి, అధికారి ఆమోదించాలి, పరీక్షించి చూడాలి, ఎవరు ఎప్పుడు మార్చారో నమోదు కావాలి. కాంట్రాక్టు కార్మికుని లెక్క అలా కాదు. ఇరవైమందినో రెండు వందలమందినో పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు గుమాస్తా తయారుచేసుకున్న ఎక్సెల్ పట్టికలో ఆ లెక్క వుంటుంది. కాంట్రాక్టరు మారితే పట్టిక మారుతుంది. గుమాస్తా ఉద్యోగం మానితే ఆ పట్టికలో ఏ గడిలో ఏముందో తెలిసినవాడు మిగలడు.

పదకొండు అంశాల వరుస

2012లో మొదలైన ఇ.సి.ఆర్. విధానం, 2014 అక్టోబరులో యు.ఎ.ఎన్. అనే 12 అంకెల సార్వత్రిక ఖాతా సంఖ్య వచ్చాక మరింత స్థిరపడింది. ఆ తరువాత అమలులోకి వచ్చిన రెండవ రూపంలో ఒక్కొక్క కార్మికునికి ఒక్కొక్క వరుస వుంటుంది. వరుసలో పదకొండు అంశాలుంటాయి. ఖాతా సంఖ్య, పేరు, మొత్తం వేతనం, భవిష్యనిధికి లెక్కించే వేతనం, పెన్షన్‌కు లెక్కించే వేతనం, బీమాకు లెక్కించే వేతనం, మూడు రకాల జమలు, చందా లేని రోజులు, తిరిగి చెల్లించిన అడ్వాన్సు. ఒక అంశానికీ మరొక అంశానికీ నడుమ హ్యాష్, టిల్డా, హ్యాష్ అనే మూడు గుర్తులు గోడలాగా నిలబడతాయి. ఒక గుర్తు జారితే ఫైలును వ్యవస్థ తిరగ్గొడుతుంది.

తిరగ్గొట్టిన ఫైలువల్ల కార్మికునికి పెద్ద నష్టం లేదు. గుమాస్తా మళ్ళీ సరిచేసి పంపుతాడు. ప్రమాదమంతా వ్యవస్థ అంగీకరించిన ఫైలులోనే వుంది. వరుస నిర్మాణం సరిగా వుండి, అందులోని అంకె తప్పయితే కంప్యూటరుకు తెలియదు. రోజులు, రూపాయలు నిజమైనవా అన్నది ఫైలును చదివే యంత్రం అడగదు.

ఎవరికి వారు మలచుకునే సాధనాలు

దత్తాంశాల ఫైళ్ళను తమ అవసరానికి తగినట్లు మలచుకునే సాధనాల చరిత్ర కంప్యూటర్ల చరిత్ర అంత పాతది. 1959లో ఐ.బి.ఎం. సంస్థ ఆర్.పి.జి. అనే భాషను తెచ్చింది. కార్డులలోని వివరాలు ఏ వరుసలో నివేదికగా మారాలో కార్యాలయ సిబ్బందే చెప్పుకోగలిగే ఏర్పాటు అది. 1977లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పుట్టిన ఆక్ అనే చిన్న సాధనం, ఫైలులోని ఏ వరుసను ఎలా మార్చాలో రెండు మూడు మాటలలో చెప్పే వెసులుబాటు కల్పించింది. 1979లో విసికాల్క్ రాకతో స్ప్రెడ్‌షీట్ యుగం మొదలయింది. ప్రోగ్రామరు దగ్గరకు వెళ్ళకుండా గుమాస్తా తన గడిలో తానే సూత్రం రాసుకోవడం అప్పటినుంచి సాధ్యమైంది.

మన దేశంలో ఈ వెసులుబాటును బజారు వీధి దుకాణాలదాకా తీసుకువెళ్ళినది 1986లో ఆరంభమైన టాలీ. దానిలో టి.డి.ఎల్. అనే సొంత భాష వుంది. బయటినుంచి వచ్చే ఫైలును ఎలా చదవాలి, బయటికి పంపే ఫైలు ఏ రూపంలో వుండాలి, పట్టికలో కొత్త అంశం ఏది చేర్చాలి అన్నవి ఆ భాషలో రాసుకోవచ్చు. జిల్లా కేంద్రాలలో ఈ పనే జీవనోపాధిగా బతుకుతున్న యువకులు వేలల్లో వున్నారు. భవిష్యనిధి ఫైలును తయారుచేసి ఇచ్చే ఏర్పాటు కూడా టాలీలో వుంది. టాలీ కొనలేని చిన్న కాంట్రాక్టరు ఎక్సెల్‌లో మాక్రో రాయించుకుంటాడు. స్నేహితుడు వాడే పట్టికనే తెచ్చుకుని పేర్లు మార్చుకునేవారు కూడా తక్కువేమీ లేరు.

ఈ స్వేచ్ఛను తప్పుపట్టడానికి లేదు. ఉక్కు కర్మాగారంలో పనులు ఒక మూసలో వుండవు. ఒకచోట రోజు కూలి, ఒకచోట నెల జీతం, ఒకచోట టన్నుకు ఇంత అనే బేరం. షిఫ్టులు మారుతాయి, ఓవర్‌టైమ్ పడుతుంది, నెల నడుమ కార్మికుడు ఒక పనినుంచి మరో పనికి మారుతాడు. ఢిల్లీలో కూర్చుని రాసిన ఒకే సాఫ్ట్‌వేర్ ఇన్ని తేడాలను పట్టలేదు. అందుచేత స్థానికంగా మలచుకునే సాధనం అవసరమే. మలచుకునే హక్కు వున్నవాడు ఒకడు, ఫలితం అనుభవించేవాడు మరొకడు కావడమే ఇక్కడి చిక్కు.

చిన్న సూత్రం, పెద్ద నష్టం

ఉదాహరణకు చందా లేని రోజుల అంశాన్నే తీసుకుందాం. దీనిని ఎన్.సి.పి. రోజులంటారు. వేతనం లేకుండా కార్మికుడు గైరుహాజరైన రోజులు ఇందులో చేరాలి. పెన్షన్‌కు సర్వీసు లెక్కించేటప్పుడు వీటిని మినహాయిస్తారు. ఒక గుమాస్తా తన పట్టికలో 'నెలలోని రోజులనుంచి హాజరు రోజులను తీసివేయుము' అని సూత్రం రాసుకున్నాడనుకుందాం. చూడడానికి ఇందులో దోషమేమీ కనిపించదు. కాని ముప్ఫై రోజుల నెలలో 26 రోజులు పనిచేసి, నాలుగు వారాంతపు సెలవులు తీసుకున్న కార్మికుని వరుసలో నాలుగు గైరుహాజరులు పడతాయి. వారాంతపు సెలవు గైరుహాజరు కాదన్న సంగతి ఆ సూత్రానికి తెలియదు.

నెలకు నాలుగు చొప్పున ఏడాదికి 48 రోజులు. పదేళ్ళకు 480 రోజులు. అంటే ఒక సంవత్సరం, దాదాపు నాలుగు నెలలు. 1995నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం ప్రకారం నెలసరి పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు వుండాలి. పదేళ్ళు ఒక్క పూట మానకుండా పనిచేసినవాడు కూడా కాగితంమీద తొమ్మిదేళ్ళ లోపునే నిలిచిపోతాడు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా పరిగణించే వెసులుబాటును కలుపుకున్నా అతను గీతకు ఇవతలే వుంటాడు. ఇందులో డబ్బు ఎగ్గొట్టినవారు లేరు. చందా సక్రమంగానే జమ అయింది. పాస్‌బుక్ తెరిచిన కార్మికుడు జమ అయిన రూపాయలను చూసుకుని తృప్తిపడతాడు. రోజుల లెక్కవైపు అతని చూపు పోదు.

రెండవ ఉదాహరణ వేతనానికి సంబంధించినది. జీతాల పట్టీలో మూల వేతనం 12,000 రూపాయలు, అందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్సు 3,000 రూపాయలు వున్నాయనుకుందాం. అందరికీ సాధారణంగా చెల్లించే ప్రత్యేక అలవెన్సులను మూల వేతనంలో భాగంగానే లెక్కించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ముందు తయారైన పట్టిక మూల వేతనం గడిని మాత్రమే ఫైలులోకి పంపుతుంటే, కార్మికుని వాటాలో నెలకు 360 రూపాయలు, యజమాని వాటాలో మరో 360 రూపాయలు తగ్గుతాయి. ఏడాదికి 8,640 రూపాయలు. అంతటితో ఆగదు. పదిహేనేళ్ళ సర్వీసు వున్నవానికి పెన్షన్ సూత్రం ప్రకారం, అంటే సగటు వేతనాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగిస్తే, 15,000 రూపాయల వేతనంపై నెలకు 3,214 రూపాయలు రావలసినచోట 2,571 రూపాయలే వస్తాయి. ఆ 643 రూపాయల కోత జీవితాంతం కొనసాగుతుంది.

నిబంధనలు మారినప్పుడల్లా ఈ సమస్య తిరగబెడుతుంది. 2014 సెప్టెంబరు 1న వేతన పరిమితి 6,500నుంచి 15,000 రూపాయలకు పెరిగింది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో వేతనం అనే మాటకే కొత్త నిర్వచనం వచ్చింది. గెజిట్‌లో ఒక వాక్యం మారితే దేశంలోని లక్షలాది పట్టికలలో ఒక్కొక్క గడి మారాలి. ఏ పట్టికలో మారింది, ఏ పట్టికలో మారలేదు అని చెప్పగల రిజిస్టరు ఎక్కడా లేదు.

అంకెను మార్చే యంత్రం

మనిషి రాసిన సూత్రంతోపాటు యంత్రం తనంతట తాను చేసే మార్పులు కూడా వున్నాయి. 12 అంకెల ఖాతా సంఖ్యను ఎక్సెల్ సాధారణ గడిలో కొడితే అది శాస్త్రవేత్తలు వాడే క్లుప్త రూపంలోకి కుదించి చూపుతుంది. అలా కనబడుతున్న రూపంలోనే అక్షరాల ఫైలుగా భద్రపరిస్తే చివరి అంకెలు పోతాయి. బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్నాలు రాలిపోతాయి. 15 అంకెలకు మించిన సంఖ్యలో చివరివి సున్నాలైపోతాయి. అనుభవమున్న గుమాస్తా ఆ గడులను ముందే అక్షరాల గడులుగా మార్చి పెట్టుకుంటాడు. కొత్తవాడికి ఈ సంగతి దెబ్బ తగిలాకగాని తెలియదు.

ఇది మన గుమాస్తాల అమాయకత్వమని కొట్టివేయడానికి లేదు. బ్రిటన్‌లో 2020 సెప్టెంబరు 25నుంచి అక్టోబరు 2 వరకు నమోదైన 15,841 కోవిడ్ కేసులు ప్రభుత్వ లెక్కలలోకి ఎక్కలేదు. ప్రయోగశాలలు పంపిన ఫైళ్ళను 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కించడమే కారణం. మిగిలిన వరుసలు చప్పుడు లేకుండా జారిపోయాయి. కొన్ని జన్యువుల పేర్లు నెలల పేర్లను పోలి వుండడంతో ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చివేస్తూ వచ్చింది. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘమే ఆ పేర్లను మార్చుకోవలసి వచ్చింది. తనంతట తాను మార్చే ఈ అలవాటును వద్దనుకునే వీలును మైక్రోసాఫ్ట్ సంస్థ 2023లోగాని కల్పించలేదు. శాస్త్రవేత్తలే యంత్రానికి తలవంచవలసి వస్తే ఖుర్సీపార్‌లోనో క్యాంప్‌లోనో అద్దె గదిలో కూర్చున్న గుమాస్తా ఏపాటి?

పేరు కుదరకపోతే

తెలుగు కార్మికుని విషయంలో మరొక ముడి పడుతుంది. మనవారు ఇంటిపేరును ముందు రాస్తారు. ఉత్తరాదిలో అది చివరకు పోతుంది. పట్టికలో 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గడులుంటే మన ఇంటిపేరు ఎక్కడ పడాలో గుమాస్తా ఇష్టం. అప్పారావు ఒకచోట ఒకే మాటగాను, మరొకచోట రెండు మాటలుగాను, హిందీ ఉచ్చారణనుబట్టి ఇంకొకచోట ఇంకొక తీరుగాను ఇంగ్లీషు అక్షరాలలోకి వెళతాడు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా వుండి, భవిష్యనిధి ఖాతాలో ఒక్క అక్షరమే వుంటే డబ్బు తీసుకునే రోజున చిక్కు వచ్చి పడుతుంది.

ఈ విషయంలో కొంత మేలు జరిగింది. 2025 జనవరిలో భవిష్యనిధి సంస్థ ఒక సవరణ తెచ్చింది. 2017 అక్టోబరు 1 తరువాత ఆధార్ ఆధారంగా ఖాతా సంఖ్య పొందినవారు పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను యజమాని ప్రమేయం లేకుండా తామే సరిచేసుకోవచ్చు. అంతకు ముందు ఖాతా పొందినవారు మాత్రం యజమాని ధ్రువీకరణకోసం వెళ్ళాలి. ఎప్పుడో మూతపడిన కాంట్రాక్టు సంస్థ యజమానిని వెతుక్కుంటూ తిరగవలసిన పాత కార్మికునికి ఈ గీతకు అవతల వుండడం చిన్న విషయం కాదు. అయినా తన వివరాన్ని తాను దిద్దుకునే హక్కు కార్మికునికి వుందన్న సూత్రాన్ని ప్రభుత్వం అంగీకరించడం గమనార్హం. పేరు విషయంలో ఒప్పుకున్న సూత్రం రోజుల విషయంలోనూ, వేతనం విషయంలోనూ ఎందుకు వర్తించరాదు?

దల్లీ రాజహరా చెప్పిన పాఠం

యంత్రం ఎవరి మాట వినాలన్న ప్రశ్న భిలాయ్ ప్రాంతానికి కొత్త కాదు. కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కార్మికులు 1977లో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌గా ఏర్పడ్డారు. శంకర్ గుహ నియోగి వారి నాయకుడు. గనులను పూర్తిగా యాంత్రీకరించాలని యాజమాన్యం తలపెట్టినప్పుడు ఆ సంఘం యంత్రాలే వద్దని కూర్చోలేదు. కొన్ని పనులు యంత్రాలకు, కొన్ని మనుషులకు వదిలే పాక్షిక యాంత్రీకరణను ప్రతిపాదించి, లెక్కలతో వాదించింది. యంత్రాన్ని పనివారి పరిస్థితికి తగినట్లు మలచుకోవచ్చునని, ఆ మలచడంలో పనివారికి కూడా మాట వుండాలని ఆ వాదన సారాంశం.

1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. 1992 జూలై 1న భిలాయ్‌లో కార్మికులపై జరిగిన పోలీసు కాల్పులలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉద్యమ రాజకీయాలపై ఎవరి అభిప్రాయం వారికి వుండవచ్చు. కాని ఆనాడు లేచిన ప్రశ్న మాత్రం తీరిపోలేదు. అప్పుడు గనిలో కళ్ళెదుట కనిపించిన యంత్రం గురించి వాదించుకున్నారు. ఇప్పుడు యంత్రం పట్టికలోని గడి వెనుక దాగి వుంది. కనబడని యంత్రం గురించి ఏ సంఘమూ ఇంతవరకు డిమాండ్ల పత్రం రాసినట్లు కనిపించదు.

మూసివేయడం పరిష్కారమా?

గుమాస్తా చేతినుంచి సూత్రాన్ని లాగివేసి, అందరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడాలని శాసిస్తే సరిపోదా అని కొందరు అడగవచ్చు. ఈ వాదనలో బలం లేకపోలేదు. ఒకే సూత్రం వుంటే ఒకేసారి తనిఖీ చేయవచ్చు, నిబంధన మారితే ఒకేచోట మార్చవచ్చు. అయితే మూసిన పెట్టెకు తనదైన ప్రమాదం వుంది. బ్రిటన్ తపాలా శాఖ ఉదంతం ఇందుకు సాక్ష్యం. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ చూపిన తప్పుడు లోటులను నమ్మి 1999, 2015 సంవత్సరాల మధ్య 900మందికి పైగా తపాలా కార్యాలయ నిర్వాహకులను దొంగతనం, మోసం వంటి నేరాలకు శిక్షించారు. తమ లెక్క ఎందుకు తప్పుతున్నదో చూసుకునే దారి వారికి లేదు. చివరకు 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టంతో ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. గుమాస్తా పట్టికలో తప్పు వుంటే ఇరవైమంది నష్టపోతారు. ఎవరికీ కనిపించని ఏకైక వ్యవస్థలో తప్పు వుంటే అందరూ నష్టపోతారు.

కాబట్టి తేల్చవలసిన విషయం సూత్రం ఒకటా, అనేకమా అన్నది కానేకాదు. సూత్రం కనబడుతున్నదా లేదా అన్నది. దీనికి పెద్ద ఖర్చుతో పనిలేని మార్గాలున్నాయి.

మొదటిది, సూత్రాల పత్రం. ఫైలులోని పదకొండు అంశాలలో ఏది ఏ పట్టీనుంచి, ఏ లెక్క ప్రకారం వస్తున్నదో ఒక్క పేజీలో రాసి, తేదీ వేసి, పనిస్థలంలో నోటీసు బోర్డుకు అంటించాలి. హిందీతోపాటు కార్మికులు చదవగలిగే భాషలలో అది వుండాలి. రెండవది, నమూనా పరీక్ష. పదిమంది కల్పిత కార్మికుల హాజరు, జీతం వివరాలను ప్రధాన యజమాని తయారుచేయాలి. అందులో వారాంతపు సెలవు, ఓవర్‌టైమ్, నెల నడుమ చేరిక, అలవెన్సు వంటి చిక్కులన్నీ వుండాలి. ప్రతి కాంట్రాక్టరు తన సాధనంతో ఆ వివరాలను ఫైలుగా మార్చి చూపాలి. సాధనం ఏదైనా ఫలితం ఒకటే రావాలి. తేడా వచ్చినచోట సూత్రం తప్పని వెంటనే తెలుస్తుంది. మూడవది, జీతం చీటీపై ఆ నెల ఎన్.సి.పి. రోజులను కూడా అచ్చువేయడం. తాను మానని రోజు మానినట్లు పడితే కార్మికుడు ఆ నెలలోనే అడుగుతాడు. పదేళ్ళ తరువాత అడిగితే హాజరు పట్టీ దొరకదు.

కాంట్రాక్టరు కార్మికుల భవిష్యనిధి బాధ్యతను 1952నాటి పథకం అంతిమంగా ప్రధాన యజమానిపైనే వుంచింది. ఆ బాధ్యతను యాజమాన్యాలు సాధారణంగా బిల్లుకు జతచేసిన చలాను ప్రతితో తీరినట్లుగా భావిస్తుంటాయి. చలాను డబ్బు కట్టినట్లు చెబుతుంది. రోజులు సరిగా లెక్కించినట్లు చెప్పదు. కర్మాగారం గేటు దగ్గర నమోదయ్యే హాజరును ఫైలులోని రోజులతో పోల్చి చూడడం ఏ యాజమాన్యానికైనా పెద్ద పని కాదు. కాంట్రాక్టర్లు ఇది అదనపు భారమని అనవచ్చు. కాని నమూనా పరీక్ష నిబంధన మారినప్పుడు ఒకసారి చేసేది. సూత్రాల పత్రం ఒక పూట పని. నిజాయితీగా లెక్క రాసే గుమాస్తాకు అది రక్షణ కూడా. తాను రాసినది ఏమిటో అందరి ఎదుట వుంటే తరువాత నింద అతనిమీద పడదు.

కార్మిక సంఘాలకూ ఇందులో కర్తవ్యం వుంది. కూలి రేటు, బోనసు, గేటు పాసుల గురించి పోరాడే సంఘాలు నెలకొకసారి ఒక ఫైలులోని పది వరుసలను హాజరు పట్టీతో సరిచూసే అలవాటు చేసుకోవాలి. భిలాయ్‌లో ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి, 2016లో మొదలైన ఐ.ఐ.టి. వుంది. ఇటువంటి ఫైలును చదివి, అనుమానాస్పదమైన వరుసలను ఎత్తిచూపే చిన్న సాధనాన్ని విద్యార్థులు కొద్ది రోజులలో రాయగలరు. ఫైళ్ళను మలచుకునే సాధనాలు ఇంతకాలం లెక్క రాసేవారి చేతిలోనే వున్నాయి. అవే సాధనాలు లెక్క చూసేవారి చేతికి కూడా రావాలి. విశాఖపట్నమైనా, బొకారో అయినా, కాంట్రాక్టు కార్మికులున్న ఏ పారిశ్రామిక కేంద్రానికైనా ఇది వర్తిస్తుంది.

భిలాయ్‌లో తయారయ్యే ప్రతి పట్టామీదా అది ఎక్కడ, ఎప్పుడు తయారైనదో, ఏ ఉక్కు పోతనుంచి వచ్చినదో తెలిపే ముద్ర వుంటుంది. ఎన్నో ఏళ్ళ తరువాత, ఎక్కడో మారుమూల స్టేషను దగ్గర ఆ పట్టా పగిలినా, ముద్రనుబట్టి దాని పుట్టుక చరిత్ర తిరగేయవచ్చు. ఆ ఉక్కును మోసి, పోసి, శుభ్రపరచిన కార్మికుని సర్వీసు లెక్కకు మాత్రం అటువంటి ముద్ర లేదు. ఏ తేదీన, ఏ సూత్రం ప్రకారం, ఎవరి చేతిమీదుగా ఆ అంకె వచ్చిందో చెప్పే ఆనవాలు ఫైలుకు కూడా వుండితీరాలి. ఇనుముకు ఇస్తున్న పాటి శ్రద్ధ దానిని తయారుచేసే మనిషి లెక్కకు ఇవ్వలేమని ఏ యాజమాన్యమూ, ఏ ప్రభుత్వమూ అనజాలదు.